నూనెలో చిక్కిన నీళ్ళు

లారీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ రెడ్డెమ్మ ముందు ఇంజన్ దగ్గరికి పోయేది, ఆ తర్వాతే వంటింట్లోకి. మొగుడు గంగులప్ప కాళ్ళు కడుక్కుని చాప మీద వాలేలోపు ఆమె బానెట్ ఎత్తి, ఆయిలు కడ్డీ లాగి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి వెలుతురుకు పట్టి చూసేది. నల్లగా, జారుగా ఉంటే "బాగుండాది" అని లోపలికి పోయి అన్నం వడ్డించేది. పాలు ఎక్కువైన కాఫీ రంగులో కనబడిందంటే మాత్రం అన్నం అట్లాగే పెట్టి, ఇద్దరూ కలిసి పుంగనూరు రోడ్డులో ఉండే రంగప్ప షెడ్డుకు నడిచేవాళ్ళు.

పాత లారీలకు అదే పెద్ద జబ్బు. ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్లో పోసిన నీళ్ళు, గ్యాస్కెట్ కాలిపోయినా హెడ్డు చీలినా లోలోపలే ఆయిల్లోకి దిగుతాయి. కింద నేల మీద ఒక్క చుక్క కారదు. డ్రైవరుకు అనుమానం వచ్చేసరికి బేరింగులు అరిగిపోయి, ఏదో ఒక ఎత్తులో ఇంజన్ పట్టేసి నిలబడుతుంది. అందుకే మదనపల్లె లారీల వాళ్ళు రంగప్పను ఇంటి వైద్యుడిలా చూసుకునేవాళ్ళు.

రంగప్ప ఆయిలును వేళ్ళ మధ్య రుద్దేవాడు. వాసన చూసేవాడు. అద్దుడు కాగితం మీద ఒక బొట్టు వేసి, మరక అంచు ఎట్లా పాకిందో చూసేవాడు. చివరికి కిరసనాయిలు స్టవ్వు మీద ఇనప పెనం కాల్చి, దాని మీద ఒక చుక్క వదిలేవాడు. నీళ్ళు లేని ఆయిలు పొగై పోతుంది. నీళ్ళున్నది చిటపటలాడుతుంది. ఆ చిటపటలోనే ఆ నీళ్ళు చేదిన చోటి చప్పుళ్ళు వినబడేవి. ఉత్త నీళ్ళు కాస్తే ఏమీ చెప్పవు. నూనెలో చిక్కుకున్న నీళ్ళు మాత్రం, బావిలోంచో కొళాయిలోంచో బయటపడినప్పటి నుంచి నూనెలో మునిగేదాకా విన్నదంతా దాచుకుని పెనం మీద విడిచేస్తాయి. తంబళ్లపల్లె బోరు నీళ్ళయితే మోటారు గురక, వెనకాల గొర్రెల అరుపులు. శాంతిపురం నీళ్ళయితే రాయి కొట్టే సుత్తుల మోత. "ఇది మొన్న నువ్వు శాంతిపురంలో పోసిన నీళ్ళేనప్పా, రేడియేటర్ నుంచే దిగినాయి, గ్యాస్కెట్ మార్చుకో" అని రంగప్ప అంటే, డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి సామాన్ల అంగడికి పోయేవాడు. అందులో వింతేముంది, ఆయిలు చూసే పద్ధతే అది.

గంగులప్ప పచ్చకామెర్లతో పోయినప్పుడు కూతురు అమరావతికి పదేళ్ళు. కర్మ అయిన మర్నాడే రెడ్డెమ్మ అన్న వెంకటరమణ పుంగనూరు నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు యాల దిగులు పడతావు? నేనుండా గదా. బండిని మన ఇంటికాడ పెట్టుకుంటా. లోడులు నేను సూసుకుంటా. బిడ్డను సదివించుకో."

మన ఇల్లు అంటే రెడ్డెమ్మ పుట్టిల్లు. వెంకటరమణ, అతని భార్య, తల్లి నారాయణమ్మ అక్కడే ఉంటారు. ఆ పొద్దు నుంచి లారీ పుంగనూరులో ఆ ఇంటి పెరట్లో నిలబడింది. గంగులప్ప కాలం నుంచి బండి తోలిన హనుమంతే డ్రైవరు. వెంకటరమణ నెల తప్పకుండా వచ్చి ఆమె భాగం ఇచ్చిపోయేవాడు. అమరావతికి బడి గుడ్డలు తెచ్చేవాడు. వానాకాలం ఇంటి కప్పు కారితే తానే ఎక్కి పెంకులు సర్దాడు. తర్వాతి రెండేళ్ళలో అతను వేలెత్తి చూపించుకునే పని ఒక్కటీ చేయలేదు. ఆయిలు కడ్డీ లాగి చూసే అలవాటు రెడ్డెమ్మకు మెల్లగా పోయింది. అన్న ఉన్నాడు, ఇంక చూసేదేముంది అనుకుంది.

ఎనభై మూడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఇంకో లారీ వెనక తాడు కట్టించి బండిని ఆమె ఇంటి ముందరికి లాగించుకు వచ్చాడు వెంకటరమణ. మొహం వాడిపోయి ఉంది.

"ఇంజన్ పోయింది రెడ్డెమ్మా."

కడ్డీ లాగి చూపించాడు. ఆయిలు తెల్లగా, మజ్జిగ కలిపినట్టు చిక్కగా అంటుకుని ఉంది.

"ఆ హనుమంతు చిత్తూరుకు పోతా మొగిలి ఘాట్లో నీళ్ళు సూసుకోకుండా తోలినాడు. హెడ్డు పగిలింది. వాణ్ణి తీసేసినా. కుప్పం నుంచి మెకానిక్కును పిలిపించి సూపించినా, విప్పేది కూడా దండగ అన్నాడు."

"రంగప్ప మామ కాడ ఒకసారి..."

"అడిగినా లేమ్మా. రంగప్ప తిరపతికి పోయినాడంట." అతను చెమట తుడుచుకున్నాడు. "కుప్పంలో రాళ్ళ వ్యాపారం చేసేటాయన ఒకడుండాడు. ఉన్నది ఉన్నట్టు కొంటాడంట. శుక్రవారం తోడుకొస్తా. కాయితాల మీద ఒక సంతకం పెట్టేస్తే నీకు తలనొప్పి పోతాది."

రెడ్డెమ్మ లారీ ముందు తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఆ సీటు మీద ఒకప్పుడు కూర్చున్న మొగుడు తప్ప ఆమెకు ఇంకేమీ కనబడలేదు. "నువ్వు సూసినావంటే నేను సూసినట్టే అన్నా" అంది.

మర్నాడు పొద్దున హనుమంతు వచ్చాడు. గంగులప్పను అన్నా అని పిలిచిన మనిషి, యాభై దాటినవాడు. రమ్మన్నా లోపలికి రాకుండా గేటు కాడే నిలబడ్డాడు.

"వదినా, పని పోయిందని అడుక్కోను రాలేదు. నేను ఘాట్లో బండిని కాల్చినానని ఊరంతా చెప్తాండారు. నాకు ఇంక ఎవురు స్టీరింగు ఇస్తారు? ఒక్కసారి రేడియేటర్ మూత తీసి సూడు."

ఆమె తీసింది. నీళ్ళు అంచుదాకా నిండుగా ఉన్నాయి.

"అన్ని నీళ్ళు ఆయిల్లోకి పోయుంటే ఈడ యాల తగ్గలేదు?"

"మా అన్న మళ్ళీ పోసుంటాడప్పా."

"సరే, పోసినాడనుకుందాం. రంగప్ప కాడికి పోయి ఒక సుక్క ఏయిద్దాం రా. నా తప్పని తేలితే నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆయన తిరపతికి పోయినాడంట గదా."

"యాడ తిరపతి? ఇప్పుడే ఆయన షెడ్డులో టీ తాగొస్తాండా."

అన్నకు ఎవరో తప్పుగా చెప్పి ఉంటారని రెడ్డెమ్మ అనుకుంది. హనుమంతు తప్పే అని తేలుతుందని కూడా అనుకుంది. అయినా గంగులప్ప నమ్మిన మనిషి, నోరు తెరిచి అడిగినాక కాదనడం న్యాయం కాదని లేచింది. లారీ కింద దూరి, ఆయిలు చాంబరు నట్టు తానే వదులు చేసి, కడిగి ఆరబెట్టిన అమరావతి జ్వరం మందు సీసా ఒకటి అక్కడ పట్టింది. ముందు నీళ్ళు వచ్చాయి. తర్వాత తెల్లటి ఆయిలు వచ్చింది. ఇంకో సీసాలో రేడియేటర్ నీళ్ళు పట్టుకుంది.

రంగప్ప రెండు సీసాలనూ కిటికీలో ఎండకు ఎదురుగా పెట్టాడు. రేడియేటర్ నీళ్ళు తుప్పు పట్టి, ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆయిలు సీసా అడుగున తేరుకున్న నీళ్ళు తాగేట్టుగా తేటగా ఉన్నాయి. ఆయన రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు.

"ఇవి అవి కావమ్మా" అన్నాడు చివరికి. "ఈ ఎర్ర నీళ్ళే దిగుంటే అవి కూడా ఎర్రగానే ఉండాల."

"అంటే ఏంది మామా?"

"తొందరపడొద్దు. ఏసి సూద్దాం."

కొత్త ఆయిలు కొంచెం తీసుకుని, అందులో రేడియేటర్ నీళ్ళు నాలుగు బొట్లు కలిపి గట్టిగా ఊపి, ఒక చుక్క పెనం మీద వదిలాడు. రైలు కూత వినబడింది. వెనకాల ఎవరో అరవంలో వడలు వడలు అని అరుస్తూ పోయారు.

"కుప్పం స్టేషన్ ముందర కొళాయి" అన్నాడు హనుమంతు. "ఆడ పట్టింది నేనే. పోయిన వారం."

రంగప్ప తల ఊపి, పెనం తుడిచి, మళ్ళీ కాల్చాడు. ఈసారి ఇంజన్ నుంచి తీసిన ఆయిలు. చుక్క పడగానే గట్టిగా చిట్లింది. కిర్రు, కిర్రు, టక్. కిర్రు, కిర్రు, టక్.

మిగతా ఇద్దరికీ అది ఏదో ఒక గిలక. రెడ్డెమ్మకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. పక్క విరిగి, తిరిగిన ప్రతి చుట్టుకూ కొయ్యకు తగిలే ఆ గిలక కింద ఆమె పెండ్లయి పోయేదాకా నీళ్ళు చేదింది.

"మా పుట్టింటి బాయి అది" అంది. ఆ వెంటనే, "బండి నిలిచేది ఆడనే గదా మామా. రేడియేటర్లో ఆ నీళ్ళు కూడా పోసుంటారు."

"రేడియేటర్లో ఆ నీళ్ళు లేవమ్మా."

"ఇంకో సుక్క ఎయ్."

రెండో చుక్కలో వెంకటరమణ గొంతు, పక్కన నిలబడి మాట్లాడినట్టే. "గరాటు పట్టుకో అమ్మా. ఆయిలు మూత తీసినా."

హనుమంతు చూపు నేల మీదికి దించుకున్నాడు. రంగప్ప అడగకుండానే మూడో చుక్క వేశాడు, వేసినాక ఎందుకేసినానా అన్నట్టు చూశాడు.

"కుప్పం ఆయప్ప పేరు మీద కొనిపించేది ఊరికే, ఎవురూ అడక్కుండా. ఆర్నెల్లు పోతే నా పేరుకు మార్చుకుంటా. ఇంజన్‌కు ఏమీ కాదు మా, ఈ నీళ్ళాయిలు పారబోసి కొత్తది పోస్తే మళ్ళీ పరిగెత్తుతాది."

రంగప్ప గరిటె పక్కన పెట్టి స్టవ్వు తగ్గించబోయాడు. "చాలమ్మా. తెలిసిపోయింది గదా."

"ఇంకోటి ఎయ్ మామా."

"ఎందుకు తల్లీ."

"మా అమ్మ ఏమనిందో ఇనల్ల."

ఆమెకు కావలసింది ఒక్క మాట. వద్దురా అని. పాపం చుట్టుకుంటుంది అని. కనీసం, దాని బండి కదరా అని. కొడుకు వినకపోయినా సరే, తల్లి ఆ మాట అని ఉంటుందని ఆమె పెనం మీదికి వంగి కాచుకుంది. పొగ కళ్ళలోకి పోతున్నా వెనక్కి జరగలేదు.

చుక్క చిట్లింది. "దానికి తెలీదు గదా?" అంది నారాయణమ్మ గొంతు.

"యాడ తెలుస్తాది."

కొంచెంసేపు నీళ్ళు దిగుతున్న గుడగుడ. తర్వాత మళ్ళీ అమ్మ.

"మెల్లిగా పొయ్యి నాయనా. పొంగి బండ మీద పడితే నూనె మరక పోదు."

చిన్నప్పుడు తలకు నూనె అంటుతూ, కదలొద్దు కూతురా, కళ్ళలోకి కారుతుంది అని చెప్పిన గొంతే అది. అంతే నెమ్మది. అంతే జాగ్రత్త. రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. బయట ఇంకో లారీ వచ్చి ఆగింది. ఆ డ్రైవరు లోపలికి తొంగి చూసి, ఆమె మొహం చూసి, ఏమీ అడగకుండా వెనక్కి పోయాడు.

శుక్రవారం వెంకటరమణ కుప్పం మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో అమరావతికి కనకాంబరాల పొట్లం ఉంది. వీధి మలుపు తిరగగానే ఇంజన్ చప్పుడు చెవిన పడింది. నీళ్ళ ఆయిలంతా దించేసి, లోపల రెండుసార్లు కడిగి, కొత్త ఆయిలు పోసి రంగప్పా హనుమంతూ బండిని నిలబెట్టేశారు. ఆయిలు తెల్లబడేదాకా ఒక్క నిమిషం తిప్పి ఆపేసి, ఆ తర్వాత స్టార్టు చేయకుండా లాగుకు రావడం వల్ల బేరింగులకు ఏ దెబ్బా తగల్లేదు. హనుమంతు సీట్లో కూర్చున్నాడు. రెడ్డెమ్మ బానెట్ పక్కన నిలబడి ఉంది.

వెంకటరమణ ఆగిపోయాడు.

"రంగప్ప కాడికి పోయినావా?" అన్నాడు.

"పోయినా."

అతను బుకాయించలేదు. బుకాయించడానికి ఏమీ మిగల్లేదు. కుప్పం మనిషి వాళ్ళ మొహాలు చూసి, టీ తాగొస్తా అని జారుకున్నాడు.

"నీ సెడు కోరి చేయలేదు రెడ్డెమ్మా. ఆడదానివి, ఎన్నాళ్ళు లారీ పెట్టుకుంటావు? రెండేళ్ళు ఎండలో వానలో తిరిగింది నేను. నా పేరు మీద ఉంటే ఏమైతాది? నీకు అన్నం పెట్టకుండా ఇడిసేస్తానా?"

"అడిగింటే ఇచ్చేసి ఉందును అన్నా" అంది రెడ్డెమ్మ.

ఆ మాట నిజమని అతనికీ తెలుసు. అప్పటిదాకా నిలబెట్టిన తల అప్పుడు దిగింది.

"పోనీ నాకు చేసినావు. ఈ మనిషి మీద యాల పెట్టినావు? ఈయన కూడు యాల పోగొట్టినావు?"

వెంకటరమణ పూల పొట్లం గోడ మీద పెట్టి వచ్చిన దారినే పోయాడు. ఎండకు ఆ పూలు సాయంత్రానికి అక్కడే వాడిపోయాయి. అమరావతి అడిగినా రెడ్డెమ్మ తీయనివ్వలేదు.

ఆ తర్వాత ఆమె బండిని ఎవరికీ ఒప్పజెప్పలేదు. బిడ్డను పక్కింటి శాంతమ్మ దగ్గర ఉంచి, హనుమంతు పక్క సీట్లో తానే ఎక్కి లోడుల వెంట పోయేది. మండీలో బేరం తానే మాట్లాడేది. మొదట్లో పుంగనూరు సంతలో మగవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. కొన్నాళ్ళకు చింతపండు వ్యాపారులే, రెడ్డెమ్మ బండి ఎప్పుడొస్తుంది అని అడగడం మొదలుపెట్టారు. పుట్టింటి వీధిలోకి మాత్రం ఆమె బండిని తిప్పనీయలేదు. పండగకు పిలుపు వస్తే లోడుందని చెప్పి పంపేది.

ఒకరోజు కుప్పం నుంచి బెల్లం వేసుకుని వస్తుంటే, పుంగనూరు దాటేచోట రోడ్డు పక్కన నారాయణమ్మ నిలబడి చెయ్యి ఎత్తింది. చంకలో మూట. హనుమంతు బ్రేకు మీద కాలు పెట్టి రెడ్డెమ్మ వైపు చూశాడు.

"ఆపు" అంది ఆమె. తలుపు తీసి, చెయ్యందించి తల్లిని ఎక్కించి, తాను లోపలికి జరిగింది.

ముసలామె మూట ముడిని విప్పుతూ, కడుతూ కూర్చుంది.

"ఇంటికి రావడమే మానేసినావు."

"ఊ."

"వాడు సరిగ్గా కూడు తినడం లేదు."

రెడ్డెమ్మ రోడ్డు చూస్తూ ఉంది.

"నేనేం సేయల్ల మ్మా?" అంది నారాయణమ్మ. "వాడి ఇంట్లో ఉండేదాన్ని. వాడి కూడు తినేదాన్ని. కాదంటే నేను యాడికి పోవాల?"

"మదనపల్లెలో నాకూ ఒక ఇల్లుండాది మా. అది నీకు గుర్తుకే రాలేదు."

నారాయణమ్మ కొంగుతో కళ్ళు అద్దుకుంది. హనుమంతు ఊరికే హారన్ కొట్టాడు. ముందర ఎవరూ లేరు.

"ఆ పొద్దు ఒక్క మాట వద్దని ఉంటే సాలు" అంది రెడ్డెమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే పక్కనున్న ఇద్దరికీ వినడం కష్టమైంది. "వాడు ఇనకపోనీ. ఆ నీళ్ళైనా ఇని ఉండేవి."

మదనపల్లె వచ్చింది. బస్టాండు ముందర బండి ఆపించింది రెడ్డెమ్మ. తల్లి దిగుతుంటే మూట ముడి వదులై లోపల మడిచిన చీరలు, దువ్వెన, వక్కాకు సంచి కనబడ్డాయి. ఆ మూట ఒక పూట ఉండి పోయేవాళ్ళది కాదు. అది చూసి రెడ్డెమ్మ ఒక క్షణం ఆగింది. నారాయణమ్మ ఆ క్షణాన్ని పట్టుకుని కూతురు మొహంలోకి ఆశగా చూసింది.

రెడ్డెమ్మ వంగి, మూట ముడి గట్టిగా బిగించి, తల్లి చెయ్యి పట్టుకుని పుంగనూరు బస్సు దగ్గరికి నడిపించింది. టికెట్టు తీసింది. ఎండ తగలని వైపు కిటికీ పక్కన కూర్చోబెట్టింది. దారిలో తినడానికి అరటిపండ్లు కొనిచ్చింది. ఏ కూతురైనా చేసేదంతా చేసింది, ఉండిపొమ్మనడం ఒక్కటి తప్ప.

"మళ్ళీ ఎప్పుడు వస్తావు మ్మా?" కిటికీ కమ్మీలు పట్టుకుని అడిగింది నారాయణమ్మ.

"బండి పుంగనూరు మీదనే గదా పోతాది. రోడ్డు మీద నిలబడితే ఎక్కించుకుంటా."

బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా రెడ్డెమ్మ అక్కడే నిలబడి, తర్వాత వచ్చి లారీ ఎక్కి తలుపు వేసుకుంది. హనుమంతు ఇంజన్ స్టార్టు చేసి, ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

"ఇంటికా వదినా?"

"మండీకి. బెల్లం దించల్ల గదా."